అర చుట్టు

తణుకు,
11-10-2023

మావయ్యకి,

మెర్సీ వందనాలు. మీకు ఫోన్లో వినపడదు. అత్తయ్యతో చెప్పిస్తే ఆవిడ మీరు కంగారు పడతారని సగం మింగేసి సగం చెబుతారు. అందుకే ఈ ఉత్తరం, స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

పోయిన నెల మీరు ట్రిగ్గర్ పని చేసి ఇచ్చారే, మా క్లబ్బు పాయింట్ టూ టూ రైఫిల్, అది సరిగ్గా లేదు. మొన్న ఆదివారం పొద్దున ప్రాక్టీసులో బోర్లా పడుకుని, రౌండు పెట్టి బోల్ట్ మూస్తున్నాను. వేలు ట్రిగ్గర్ మీద లేదు, ప్రమాణం చేసి చెప్పగలను. బోల్ట్ పిడి కిందికి దించేసరికి దానంతట అదే పేలింది. బారెల్ కొంచెం కిందికి ఉండడంతో తూటా ముందున్న సిమెంటు గట్టు అంచుకి తగిలింది. నా పక్కన పడుకున్న సారిక అనే అమ్మాయికి సిమెంటు పెచ్చు ఎగిరి తగిలింది. చిన్న దెబ్బే.

క్లబ్బు సెక్రటరీని నేనే. ఏం జరిగిందని కమిటీ అడుగుతోంది. పని చేసింది మా మావయ్యేనని అందరికీ తెలుసు. డిసెంబరులో రాష్ట్ర పోటీలున్నాయి. పోయినేడు రెండు పాయింట్ల తేడాతో నేను రాష్ట్ర జట్టులో చోటు పోగొట్టుకున్న సంగతి మీకు తెలుసు కదా. ఈ రైఫిల్ తప్ప మా దగ్గర పోటీకి పనికొచ్చేది మరొకటి లేదు. ఏం చూడాలో, ఎలా చూడాలో వెంటనే రాయండి.

మీ
మెర్సీ


రాజమండ్రి,
15-10-2023

అమ్మా మెర్సీ,

ఉత్తరం అందింది. ముందు ఆ అమ్మాయి గురించి సరిగా రాయి. చిన్న దెబ్బ అంటే ఎక్కడ, ఎంత? రైఫిల్ సంగతి దాని తర్వాతే.

నేను చెప్పేవరకు దానిలో రౌండు పెట్టవద్దు. బోల్ట్ తీసి వేరే బీరువాలో పెట్టి, రైఫిల్‌కి "వాడరాదు" అని చీటీ కట్టు. సైన్యం వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు చేశాను, ఇక్కడ తుపాకుల మరమ్మతు కొట్టు పెట్టి పద్నాలుగేళ్ళు అవుతోంది. నా చేతి మీదుగా వెళ్ళింది దానంతట అది పేలిందని ఎవరూ రాయలేదు. నేను దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు.

నువ్వు గురి చూసేదానివే కానీ లోపల సంగతి నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. తూటా వెనక బోల్ట్ తలుపులా మూసినప్పుడు, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను వెనక ఆగి ఉంటుంది. దాన్ని పట్టి ఆపేది చిన్న కొక్కెం. ట్రిగ్గర్ నొక్కితే ఆ కొక్కెం తప్పుకుంటుంది. కొక్కెం పట్టు మరీ సన్నగా ఉంటే ట్రిగ్గర్ నొక్కకుండానే, బోల్ట్ మూసిన అదురుకే జారిపోతుంది. నీకు జరిగింది అదే అయి ఉండాలి. ఎందుకు జారిందో తేల్చాలి.

మూడు పనులు చెయ్యి. పక్కన ఒక సాక్షిని పెట్టుకుని చెయ్యి.

రౌండు లేదని రెండుసార్లు చూసుకుని, వాడేసిన తూటా ఖాళీ ఖోలు ఒకటి లోపల పెట్టు. లేకపోతే పిన్ను పాడవుతుంది. పదిసార్లు బోల్ట్ గట్టిగా మూసి, ఎన్నిసార్లు పిన్ను జారిందో రాసుకో. తర్వాత బోల్ట్ మూసి ఉంచి, భుజానికి ఆన్చే బట్టు మడమ మీద అరచేత్తో కొట్టి చూడు.

మూడోది ముఖ్యం. ట్రిగ్గర్ దగ్గర రెండు స్క్రూలు ఉంటాయి. ముందుది ట్రిగ్గర్ ఎంత బరువుగా ఉండాలో చూసేది, వెనకది కొక్కెం పట్టు చూసేది. పని అయ్యాక రెండింటి తల మీదా ఎర్ర రంగు చుక్క పెట్టాను. ఆ చుక్క పగిలి ఉంటే ఎవరో తిప్పారన్నమాట. పగిలిందా లేదా చూసి రాయి.

ఇంకా తేలిక కావాలని నువ్వు కొట్లో అడిగావు, నేను కాదన్నాను. నీకు కోపం వచ్చింది. అది గుర్తుండే ఈ మూడోది అడుగుతున్నాను. నా తర్వాత దాని మీద ఎవరైనా చెయ్యి పెట్టారా?

మీ మావయ్య,
ఆశీర్వాదం


తణుకు,
20-10-2023

మావయ్యకి,

వందనాలు. మీరు చెప్పినట్టే చేశాను. మా ప్రెసిడెంటు రమేష్ బాబు గారు పక్కన కూర్చుని రాసుకున్నారు. పదిసార్లు బోల్ట్ మూస్తే నాలుగుసార్లు జారింది. అరచేత్తో కొడితే మొదటి దెబ్బకే జారిపోయింది. ఆ శబ్దానికి రమేష్ బాబు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఖాళీ ఖోలే అని చెప్పినా మళ్ళీ దగ్గరికి రాలేదు.

సారిక సంగతి రాయమన్నారు. డిగ్రీ చదువుతోంది, నిడదవోలు నుంచి రోజూ రైల్లో వస్తుంది. తల్లి ప్రసన్నకుమారి గారు అక్కడే స్కూలు టీచరు, తండ్రి లేడు. రెండేళ్ళ నుంచీ నా దగ్గరే నేర్చుకుంటోంది, ఎప్పుడూ నా పక్క చోటే కావాలంటుంది. ఆ రోజు చెమట పట్టిందని అప్పుడే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. పెచ్చు ఎడమ కనుబొమ్మ కింద దిగింది. ఏడు కుట్లు పడ్డాయి. కంట్లో రక్తం చేరింది, చూపు మసకగా ఉంది. ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టర్లన్నారు. ఇది ముందే రాయాల్సింది.

ప్రసన్నకుమారి గారు స్టేషన్‌కి వెళ్ళలేదు. "ముందు నా కూతురి కన్ను చూడనివ్వండి, తర్వాత ఎవరి మీద వెళ్ళాలో అప్పుడు వెళ్తాను" అన్నారు. కమిటీలో కొందరు మీ లైసెన్సు మీద కలెక్టరాఫీసుకి రాయాలంటున్నారు. రమేష్ బాబు గారు ఆపారు. ముందు మీ నుంచి రాతపూర్వకంగా వివరణ కావాలన్నారు.

మీ ఎర్ర రంగు రెండు స్క్రూల మీదా అలాగే ఉంది.

మెర్సీ


రాజమండ్రి,
26-10-2023

అమ్మా మెర్సీ,

రంగు పగలలేదని రాశావు. ఆ ఒక్క వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. రంగు ఉంటే స్క్రూ కదల్లేదు. స్క్రూ కదలకపోతే తప్పు కొక్కెం అంచులో ఉంది. ఆ అంచు సానరాయి మీద పెట్టింది నేను.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. ఇది మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. మార్చి నుంచి నా రెండు కళ్ళకీ శుక్లాలు ఉన్నాయి. కుడిది ముదిరిందని, వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కొట్టు మూయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను. మీ రైఫిల్ వచ్చేసరికి దీపం కింద భూతద్దం పెట్టుకున్నా అంచు రెండుగా కనపడుతోంది. చివరికి బొటనవేలి గోరుతో తడిమి సరిపోయిందనుకున్నాను. ఇన్నేళ్ళ చెయ్యి, తప్పదు అనుకున్నాను. తప్పింది.

నా కొట్లో ఉన్న మిగతా మూడు తుపాకులూ పని చేయకుండానే సొంతదారులకి తిప్పి పంపాను. కమిటీకి రాసిన ఉత్తరం దీనితో పెట్టాను, రమేష్ బాబు గారికి ఇవ్వు. "లోపం నా పనిలో జరిగింది, పూర్తి బాధ్యత నాది" అని రాశాను. వచ్చే నెలలో లైసెన్సు నేనే వెళ్ళి ఒప్పజెబుతాను. ఎవరూ కలెక్టరాఫీసుకి రాయనక్కర్లేదు.

ఆ అమ్మాయి కంటి కోసం పూట పూటా ప్రార్థన చేస్తున్నాం. నా మూలంగా ఒక పిల్లకి చూపు పోతే నేను ఏ ముఖంతో గుడికి వెళ్ళాలో తెలియడం లేదు.

ఆశీర్వాదం


తణుకు,
3-11-2023

మావయ్యకి,

వందనాలు. దయచేసి లైసెన్సు ఇవ్వకండి. కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు. మీ ఉత్తరం నా ద్వారా వచ్చింది కాబట్టి రమేష్ బాబు గారికి ఇంకా ఇవ్వలేదు. నా బ్యాగులోనే ఉంది.

కారణం మీ అంచే కావాలని ఏముంది? ఆ రోజు తూటాలు కొత్త పెట్టెలోవి. లోపల నూనె గడ్డకట్టి ఉండొచ్చు. వానల్లో రైఫిల్ గది గోడ చెమ్మగిల్లింది. ఇంకో పదిసార్లు చూస్తాను, ఈసారి తుడిచి చూస్తాను. మీరు తొందరపడి మీ మీద వేసుకోకండి. మీ కళ్ళ సంగతి మాకు చెప్పాల్సింది. ఈమధ్య మీ అక్షరాలు గోడ మీద రాతల్లా పెద్దవై పోతుంటే ఎందుకో అనుకున్నాను.

సారికకి మసక కొంచెం తగ్గింది. స్కూల్లో ఆటల పీరియడ్‌లో నాకు ఏ పనీ తోచడం లేదు. పిల్లల్ని పరుగు పెట్టించి టైము చూసుకోవడం మర్చిపోతున్నాను. ప్రాక్టీసు మానేశాను. ఇంట్లో కూర్చోలేను, బయటికి వెళ్తే వెంటనే తిరిగి రావాలనిపిస్తుంది.

ఒక పది రోజులు ఆగండి. అంతే అడుగుతున్నాను.

మెర్సీ


రాజమండ్రి,
12-11-2023

మెర్సీకి అత్తయ్య దీనమ్మ రాసేది,

మీ మావయ్యకి తెలియకుండా రాస్తున్నాను. ఆయన బల్లకి బిగించిన పట్టకారు విప్పేసి మంచం కింద పెట్టేశారు. ఆ బల్ల మీద ఇప్పుడు నేను కూరగాయలు తరుక్కుంటున్నాను. ఆయన దాన్ని చూసి ఏమీ అనట్లేదు, నాకదే భయంగా ఉంది. భోజనం దగ్గర కూర్చుంటారు, లేస్తారు. నిన్న ఆర్మీ పెట్టెలోంచి పాత సర్టిఫికెట్లు తీసి, దేనికో మళ్ళీ లోపల పెట్టేశారు. కంటి ఆపరేషన్ చేయించుకోండి అంటే "ఇంక దేనికి" అంటున్నారు.

నువ్వు పోయిన మంగళవారం కంటాసుపత్రికి ఒక అమ్మాయిని తీసుకొచ్చావంట. మన గుడికొచ్చే లోవమ్మ అక్కడే ఆయాగా చేస్తుంది, చూసి చెప్పింది. ఆసుపత్రి నుంచి మనింటికి నడిచొచ్చే దూరమే కదా. రాజమండ్రి వచ్చి ఎప్పుడైనా నా చేతి అన్నం తినకుండా వెళ్ళావా? మీ అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు తిన్నగా ఇక్కడికే వచ్చావు. ఆయనకి చెప్పలేదు నేను. మా మీద కోపమా, లేక ఇంకేదైనానా? ఏదున్నా రాసేయమ్మా.

దీనమ్మ


తణుకు,
15-11-2023

మావయ్యకి, అత్తయ్యకి,

కోపం కాదు అత్తయ్యా. మీ వీధి మలుపు దాకా వచ్చాను. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. చూసి వెనక్కి తిరిగిపోయాను.

మావయ్యా, స్క్రూ తిప్పింది నేనే.

సెప్టెంబరు ఇరవై నాలుగో తారీఖు. మీరు ఇచ్చిన పదో రోజు. రైఫిల్ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మీరు పెట్టిన ట్రిగ్గర్ నాకు బరువనిపించింది. ప్రతి రౌండూ చివర్లో కుడికి లాగేస్తోంది. మీరు పాతకాలం మనిషి, భయపడుతున్నారు అనుకున్నాను. ఫోన్లో ఒక వీడియో చూసి, ముందు స్క్రూ అనుకుని వెనకది అర చుట్టు తిప్పాను. రంగు పెళుసుగా ఊడిపోయింది. తేలికైంది. ఎంత బాగా తేలికైందంటే ఆ సాయంత్రం నా జీవితంలో ఎప్పుడూ రాని స్కోరు వచ్చింది. సారిక నా టార్గెట్ కాగితం అడిగి తీసుకుంది, గదిలో అంటించుకుంటానని.

మీ మొదటి ఉత్తరంలో రంగు సంగతి చదవగానే బజారుకి వెళ్ళి ఎర్ర గోళ్ళ రంగు కొన్నాను. రెండూ ఒకేలా కనపడాలని రెండు స్క్రూల మీదా చుక్కలు పెట్టాను. ఆరాక రమేష్ బాబు గారికి చూపించాను. అప్పుడు మీకు రాశాను.

ఆ ఒక్క అబద్ధంతో గండం గడుస్తుందనుకున్నాను. కారణం తేలదు, ఎవరి మీదా పడదు, రైఫిల్ పాతదై పోయిందంటారు అనుకున్నాను. మీరు దాన్ని పట్టుకుని మీ చేతుల్ని అనుమానించుకుంటారని అనుకోలేదు. మీ ఉత్తరం వచ్చాక కూడా చెప్పలేదు. పది రోజులు ఆగమన్నాను కదా, ఆ పది రోజుల్లో ఏమవుతుందనుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు. సారికతో ఆసుపత్రిలో వరస వరసా అక్షరాలు చదివిస్తుంటే పక్కన నిలబడ్డాను. "టీచర్ గారూ, మీ మావయ్య గారికి ఏమీ కాదు కదా" అని అడిగింది. కాదులే అన్నాను.

రేపు రమేష్ బాబు గారికి ఇదంతా రాసి ఇస్తాను. మీ ఉత్తరం ఆయనకి ఇవ్వను, మీకే పంపేస్తున్నాను. లైసెన్సు ఇచ్చేశారా? ఇవ్వలేదని రాయండి. క్షమిస్తారా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

మెర్సీ


రాజమండ్రి,
22-11-2023

మెర్సీకి,

లైసెన్సు ఇవ్వలేదు. ఆఫీసుకి వెళ్తే గుమస్తా సెలవులో ఉన్నాడు. నీ అదృష్టం కాదు, నాది.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి మూడు రోజుల్లో రాసినవి చించేశాను.

స్క్రూ తిప్పడం తెలివితక్కువ. వయసులో ఉన్న సిపాయిలు చేసేవారు, తిట్టి బాగు చేసేవాణ్ణి. నువ్వు దాని మీద రంగు పూసి, నన్ను ఇరవై ఆరు రోజులు నా చేతుల వంక చూసుకుంటూ కూర్చోబెట్టావు. దానికి నా దగ్గర తిట్టు లేదు.

కంటి ఆపరేషన్ ఎల్లుండి. రైఫిల్‌ని ఎవరూ తెరవకుండా ఉంచమని రమేష్ బాబు గారికి చెప్పు. నాకు చూపు వచ్చాక ఆయన్నే తీసుకురమ్మను. నువ్వు తీసుకురావద్దు.

ఆశీర్వాదం


రాజమండ్రి,
22-12-2023

అమ్మా మెర్సీ,

మొన్న బుధవారం రమేష్ బాబు గారు రైఫిల్ తెచ్చారు. లైసెన్సు కాగితాలన్నీ సరిగ్గా పట్టుకొచ్చారు, జాగ్రత్త మనిషి. ఆయన ఎదురుగానే విప్పాను.

ముందు నీ గోళ్ళ రంగు గీకి, వెనక స్క్రూ నేను ఇచ్చిన చోటికి తిప్పాను. మీ అత్తయ్య లెక్కపెడుతుంటే రెండు వందలసార్లు బోల్ట్ మూశాను. ఒక్కసారీ జారలేదు. రమేష్ బాబు గారు "అయితే మీ తప్పేం లేదండి, తేలిపోయింది" అని లేవబోయారు. కూర్చోమన్నాను. అరచేత్తో బట్టు మీద కొట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏడో దెబ్బకి జారింది.

కొక్కెం తీసి కొత్త కంటితో చూశాను. అంచు ఒక పక్కకి వాలి ఉంది. వెంట్రుకలో సగం ఉంటుంది, అంతే. కానీ ఉంది. నువ్వు తిప్పకపోతే ఈ సంవత్సరం పేలేది కాదు. ఎప్పటికీ పేలేది కాదని మాత్రం నేను చెప్పలేను. అదే ఆయనకి రాసి ఇచ్చాను.

ఆయన నీ కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టుకుని, "ఏంటండి ఇది, మా మిల్లులో తప్పు జరిగితే నాది కాదంటే నాది కాదని అరుచుకుంటారు. మీ ఇద్దరితో నేనేం చెయ్యను" అన్నారు. నేను, "ఎవరి వాటా వాళ్ళకి ఇవ్వండి" అన్నాను.

కొత్త కొక్కెం తెప్పిస్తున్నాను. అది వచ్చేవరకు రైఫిల్ ఇక్కడే ఉంటుంది. కొట్టు మూయను. నా కోసం కాదు, ఆ అంచు నా కంటితో చూశాక ఇంకొకటి సరిగ్గా చేసి చూపించకుండా ఆగలేను. పట్టకారు మళ్ళీ బల్లకి బిగించాను. మీ అత్తయ్య కూరలు తరగడానికి చోటు లేక సణుగుతోంది.

క్షమించానా అని అడిగావు. పూర్తిగా కాలేదు. రోజూ కొంత అవుతోంది, ఒక్కోరోజు వెనక్కి పోతోంది. నువ్వు రావద్దని మాత్రం అనను. వస్తే నేను ఎక్కువ మాట్లాడకపోవచ్చు. దానికి నువ్వు నొచ్చుకోకు.

ఆ అమ్మాయికి, వాళ్ళమ్మకి చెప్పావా? నీ కాగితంలో కమిటీకి చెప్పినట్టు ఉంది కానీ వాళ్ళకి చెప్పినట్టు లేదు.

మీ మావయ్య


తణుకు,
28-1-2024

మావయ్యకి,

వందనాలు. చెప్పలేదు. ఆ మాట చదివాక కూడా నెల పట్టింది. రెండుసార్లు నిడదవోలు స్టేషన్ దాకా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిరుగు రైలు ఎక్కాను.

ముందు కమిటీ సంగతి. నన్ను రెండేళ్ళు క్లబ్బు నుంచి తీసేశారు, సెక్రటరీ పదవి పోయింది. రాష్ట్ర జట్టు మాట ఇంక లేదు. మీకు మాత్రం ఇకపై పని అయ్యాక వేరొకరితో పరీక్ష చేయించాలని షరతు పెట్టారు. మీరు ఒప్పుకున్నారని విన్నాను.

ఈ రోజు పొద్దున వెళ్ళాను. సారికకి అద్దాలతో చాలావరకు కనపడుతోంది. ఎడమ కంటి మూల మాత్రం మంచు పట్టినట్టు ఉంటుందట, అది ఉండిపోతుందన్నారు. కుట్ల గీత కనుబొమ్మలో కలిసిపోయింది. నన్ను చూసి సంతోషంగా లేచి కుర్చీ వేసింది. వేసిన కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాను. తిప్పింది, రంగు పూసింది, మీ మీదికి పోనిచ్చింది, ఆసుపత్రిలో పక్కన నిలబడి మాట్లాడకుండా ఉన్నది, అన్నీ.

ప్రసన్నకుమారి గారు చేతిలో ఉన్న పరీక్ష పేపర్లు కింద పెట్టారు. "ఇన్నాళ్ళూ మా ఇంటికి పళ్ళు తెచ్చారు మీరు" అన్నారు.

సారిక అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "టీచర్ గారూ, ఆ రోజే చెప్పి ఉంటే నేను మిమ్మల్ని ఏమీ అనేదాన్ని కాదు. ఇప్పుడు అనాలని ఉంది. అనొచ్చా?" అని అడిగింది.

అనమ్మా అన్నాను.

అరగంట అంది, మావయ్యా. గొంతు పెంచలేదు. పోలీసు సెలక్షన్స్‌కి వెళ్ళాలనుకుందట, ఆ కంటితో కుదరదట, ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు, నేను బాధపడతానని. నేను తీసుకొచ్చిన ఆపిల్‌పళ్ళు తలుచుకుంటే వాంతి వస్తోందంది. నా టార్గెట్ కాగితం ఇంకా తన గోడ మీదే ఉందని, అందరి కంటే నన్నే ఎక్కువ నమ్మానని అంది. కొన్ని మాటలు ఇక్కడ రాయలేను. నేను నిలబడి విన్నాను. మధ్యలో ఒకసారి వాళ్ళమ్మ "చాలు సారికా" అంటే, "లేదమ్మా, ఇంకా ఉంది" అని మళ్ళీ మొదలుపెట్టింది.

అంతా అయ్యాక సారికకి గొంతు ఆరిపోయింది. "అమ్మా, మంచినీళ్ళు" అంది. ప్రసన్నకుమారి గారు లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో రెండు గ్లాసులు ఉన్నాయి. ఒకటి కూతురికి ఇచ్చారు. రెండోది నా చేతికి ఇవ్వలేదు, నేను కూర్చోకుండా వదిలేసిన ఆ కుర్చీ ముందున్న బల్ల మీద పెట్టి, మళ్ళీ పేపర్లు దిద్దుకోవడానికి కూర్చున్నారు.

నేను కూర్చుని తాగాను.

మీ
మెర్సీ